టీవీ షోలో చూసిన కుక్క శిక్షణను మీ ఇంట్లో పనిచేయించడం ఎలా?

పెంపుడు జంతువుల మొండి అలవాట్లు మాన్పించే టీవీ షోలు ఏవి చూసినా వరస దాదాపు ఒకటే. మొదట ఇంట్లోవాళ్లు ఫోన్‌లో తీసిన వీడియో వస్తుంది: కుక్క సోఫా చింపుతుంటుంది, లేదా వచ్చినవాళ్ల మీద ఎగబడుతుంటుంది. తర్వాత శిక్షకులు వచ్చి కాసేపు ఓ పక్కన నిలబడి చూస్తారు, ఇంట్లోవాళ్లు ఎక్కడ తప్పుతున్నారో చెబుతారు. ప్రకటనలు తీసేస్తే ముప్పావు గంటలో కుక్క చాప మీద బుద్ధిగా పడుకుని ఉంటుంది. ఈలోగా తెర మీద "కొన్ని వారాల తర్వాత" అని ఒక ముక్క పడి పోతుంది. శిక్షణ జరిగింది ఆ వారాల్లోనే, ఎడిటింగ్‌లో పోయిందీ అదే. ఒకే పనిని వందల సార్లు చేయించడం, పిడికెడు పిడికెడు చికెన్ ముక్కలు ఖర్చుపెట్టడం, కుక్క తడబడితే ఒక మెట్టు వెనక్కి రావడం... ఇవేవీ తెర మీద కనబడవు. షో చూసి మర్నాడే ప్రయత్నించినవాళ్లు మూడోరోజుకి "మా కుక్కకి ఇవి పనిచేయవు" అనేది అందుకే. కోసేసిన ఆ భాగాన్ని ఇంట్లో ఎలా పూరించుకోవాలో చూద్దాం.

ముందు, ఏ షోని నమ్మాలి?

ఇవన్నీ ఒక్క తానులో ముక్కలు కావు. 1980లో బీబీసీలో పాఠాలు చెప్పిన బార్బరా వుడ్‌హౌస్ పేరు బ్రిటన్‌లో ఇంటింటికీ తెలుసు, కానీ ఆవిడ వాడింది మెడకు బిగుసుకునే గొలుసు. 2004లో నేషనల్ జియోగ్రాఫిక్‌లో మొదలైన సీజర్ మిలాన్ 'డాగ్ విస్పరర్' యజమాని గుంపు నాయకుడిలా ఉండాలన్న ఆలోచన మీద నడిచింది. నిపుణులను అడగకుండా ఈ పద్ధతులు సొంతంగా ప్రయత్నించొద్దని ఆ షోలోనే హెచ్చరిక వేసేవారు. 2005లో బ్రిటన్ ఛానల్ 4లో విక్టోరియా స్టిల్‌వెల్ 'ఇట్స్ మీ ఆర్ ద డాగ్' వచ్చింది. భయపెట్టకుండా, మనకు కావలసిన పని కుక్క చేసినప్పుడు దానికి ఇష్టమైనది ఇచ్చి అలవాటు మార్చడం ఆవిడ దారి. పిల్లుల విషయంలో 2011లో యానిమల్ ప్లానెట్‌లో మొదలైన జాక్సన్ గెలాక్సీ షో 'మై క్యాట్ ఫ్రమ్ హెల్' ఇదే ధోరణిది. గిటార్ పెట్టెలో బొమ్మలు పట్టుకొచ్చే మనిషిని చూసే ఉంటారు.

"నాయకుడు" సిద్ధాంతం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇప్పటికీ మన దగ్గర చాలామంది శిక్షకుల నోట అదే వినిపిస్తుంది. జూలో ఒకచోట బంధించిన తోడేళ్లను గమనించి రుడాల్ఫ్ షెంకెల్ 1947లో రాసిన పరిశీలనల నుంచి ఆ ఆలోచన ఊపందుకుంది. 1970లో తన పుస్తకంతో దాన్ని జనంలోకి తీసుకెళ్లిన తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మీచ్, అడవిలో తోడేళ్లను ఏళ్లతరబడి చూశాక, 1999లో తనే సరిదిద్దారు: అడవిలో గుంపు అంటే తల్లి, తండ్రి, పిల్లలు. అక్కడ పెత్తనం కోసం పోట్లాటలు దాదాపు ఉండవు. అమెరికాలోని పశువైద్య ప్రవర్తన నిపుణుల సంఘం ఏవీఎస్‌ఏబీ 2008లో ఈ పెత్తనం సిద్ధాంతంతో శిక్షణ ఇవ్వడాన్ని తప్పుపట్టింది. 2021లో మరో అడుగు వేసి, ఏ సమస్యకైనా బహుమతి పద్ధతులే వాడమంది. కాబట్టి షోలో ఎవరైనా కుక్కను వెల్లకిలా తిప్పి నేలకు అదిమిపెడితే, గొలుసు విదిలిస్తే, ముళ్ల కాలర్ గానీ షాక్ కాలర్ గానీ తీస్తే అది చూసి నేర్చుకోవలసింది కాదు.

తేల్చుకోవడానికి సులువైన పరీక్ష: సౌండ్ తీసేసి ఆ సన్నివేశాన్ని మళ్లీ చూడండి. వ్యాఖ్యానం లేకపోతే మీ చూపు కుక్క ఒంటి మీదికి పోతుంది. తిండి ఏమీ లేకుండానే మూతి నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవులించడం, తల పక్కకు తిప్పి కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూడటం, చెవులు వెనక్కి అతుక్కోవడం, తోక కాళ్ల మధ్యకు పోవడం, ఉన్నట్టుండి బిగుసుకుపోవడం: ఇవన్నీ భయం, ఒత్తిడి గుర్తులు. తోక ఊగుతోంది కదా అని సంతోషం అనుకోకండి. ఒళ్లు బిగబట్టి, నిటారుగా లేపిన తోకను కొద్దికొద్దిగా కదిలిస్తుంటే అది హెచ్చరిక. "చూడండి, ఎంత ప్రశాంతంగా అయిపోయిందో" అని చెబుతున్న కుక్క నిజానికి భయంతో చేష్టలుడిగి ఉండవచ్చు. నేర్చుకున్న కుక్క ఒళ్లు వదులుగా ఉంటుంది, మనిషి దగ్గరికి తనంతట తను వస్తుంది, ముక్క పెడితే తింటుంది.

మూడు గళ్ల పుస్తకం

మంచి షోలో శిక్షకులు మొదటి పావుగంట ఏమీ చేయకుండా చూస్తూ కూర్చుంటారు. మీరు చేయవలసిన మొదటి పనీ అదే. నోటుబుక్కులో మూడు గళ్లు గీయండి: ముందు ఏం జరిగింది, కుక్క ఏం చేసింది, తర్వాత దానికి ఏం దక్కింది. నాలుగైదు రోజులు రాయండి. వీలైతే ఫోన్‌ను ఒక మూల నిలబెట్టి వీడియో తీయండి. చూసిన షోలోని సన్నివేశాన్ని కూడా ఇదే పద్ధతిలో రాసుకుంటే శిక్షకులు ఏ గడిని మార్చారో తెలిసిపోతుంది.

మూడో గడిలోనే అసలు సంగతి దొరుకుతుంది. ఉదాహరణకి డెలివరీ అబ్బాయి వస్తాడు, కుక్క మొరుగుతుంది, అతను ప్యాకెట్ ఇచ్చి వెళ్లిపోతాడు. కుక్క లెక్క ప్రకారం, తను మొరిగింది కాబట్టే అతను పోయాడు. రోజుకి రెండు మూడు సార్లు ఈ గెలుపు దొరుకుతుంటే మీరు ఎన్నిసార్లు "నో" అన్నా అది మానదు. పైగా మీరు పరుగున వచ్చి కాలర్ పట్టుకుని గట్టిగా మాట్లాడితే, రోజంతా ఒంటరిగా ఉన్న కుక్కకు అది కూడా పలకరింపే.

సరంజామా

ట్రీట్‌గా ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన బోన్‌లెస్ చికెన్ అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. శనగగింజంత ముక్కలు చాలు. వంద గ్రాముల చికెన్‌కు వందకు పైగా వస్తాయి. ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు నిలవ ఉంచవచ్చు. శాకాహారుల ఇళ్లలో పనీర్, ఉడికించిన క్యారట్, చిలగడదుంప వాడవచ్చు. పనీర్ కొన్నిటికి విరేచనాలు చేస్తుంది, కొద్దిగా పెట్టి చూడండి. ట్రీట్ల వాటా రోజు మొత్తం తిండిలో పదో వంతు దాటకూడదు, ఆ మేరకు గిన్నెలో అన్నమో కిబుల్సో (ప్యాకెట్లలో వచ్చే పొడి గుళికల మేత) తగ్గించండి. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి, జైలిటాల్ కలిసిన షుగర్‌ఫ్రీ చూయింగ్‌గమ్ కుక్కలకు విషం. చక్కెర పొంగలి, పాయసం ప్రసాదంగా చేతిలో పెట్టే పెద్దవాళ్లకు అందులోని కిస్‌మిస్ సంగతి ముందే చెప్పి ఉంచండి.

నడుముకు కట్టుకునే చిన్న సంచి, ఆరడుగుల మామూలు లీష్, ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ కావాలి. లాగితే సాగిపోయే తాడు లీష్ మన రోడ్లకు పనికిరాదు. బండి అడ్డొచ్చినప్పుడు కుక్కను దగ్గరికి తెచ్చుకునే వ్యవధి ఉండదు.

నొక్కితే టిక్కుమనే చిన్న పరికరం, క్లిక్కర్, ఉంటే మంచిది, లేకపోతే బాల్‌పెన్ టిక్కుమనే శబ్దమైనా సరే, ఒక మాటైనా సరే. ఆ మాట ఇంట్లో మామూలుగా వాడనిదై ఉండాలి. "సరే" పనికిరాదు, ఫోన్‌లో రోజుకి యాభై సార్లు అంటాం. "భేష్" బాగుంటుంది. మొదటి రోజు ఏ పనీ అడగకుండా క్లిక్, వెంటనే ముక్క, ఇలా పదిహేను ఇరవై సార్లు చేయండి. తర్వాత కుక్క వేరేవైపు చూస్తున్నప్పుడు క్లిక్ చేయండి. చటుక్కున మీవైపు తిరిగితే దానికి అర్థమైనట్టే. క్లిక్ అంటే "ఇదిగో, ఇప్పుడు చేశావే, ఇదే" అని చెప్పడం. అందుకే అది పని జరుగుతున్న క్షణంలోనే పడాలి. ముక్క నోటికి చేరడానికి ఒకటి రెండు క్షణాలు పట్టినా ఫర్వాలేదు. ఎక్కువమంది చేసే తప్పు, క్లిక్ కన్నా ముందే చెయ్యి సంచిలోకి పోవడం. అప్పుడు కుక్క మీ చెయ్యినే చూస్తుంటుంది, తను ఏం చేస్తోందో పట్టించుకోదు.

ఇంకొకటి: నాన్న "సిట్" అని, నానమ్మ "కూచో" అని, పిల్లలు "సిట్ సిట్ సిట్" అని అంటుంటే కుక్కకు అవి మూడు వేర్వేరు మాటలు. ఒకటి తేల్చి, కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. షోలో ఇంగ్లిష్ మాటలు వాడారని మీరూ వాడాలనేం లేదు.

తలుపు దగ్గర గోల: మొదటి నుంచి చివరిదాకా

షోలలో ఎక్కువగా కనిపించేది, అపార్టుమెంట్లలో ఎక్కువ బాధపెట్టేది ఇదే: బెల్ మోగగానే మొరుగుతూ పరుగెత్తడం, వచ్చినవాళ్ల మీదికి ఎగరడం. దీన్ని "వద్దు" అనే దారిలో మాన్పించడం కష్టం. దాని బదులు బెల్ మోగితే చాప మీదికి వెళ్లాలని నేర్పండి. చాప మీద పడుకున్న కుక్క అదే సమయంలో మనిషి మీదికి ఎగరలేదు.

నేర్పుతున్నన్నాళ్లు పాత అలవాటుకు అవకాశం ఇవ్వకూడదు. ఆర్డరు పెట్టేటప్పుడు "బెల్ కొట్టొద్దు, ఫోన్ చేయండి" అని రాయండి, తలుపు మీద కూడా అంటించండి. చుట్టాలొచ్చే వేళకు కుక్కను వేరే గదిలో నమలడానికి ఏదైనా ఇచ్చి ఉంచండి. పాతది రోజూ సాధన అవుతుంటే కొత్తది నిలవదు.

తలుపు కనబడేచోట, దానికి ఎనిమిది పది అడుగుల దూరంలో చాప గానీ మందపాటి కాళ్లపట్టా గానీ వేయండి. కుక్క అటు చూసినా, ఒక కాలు పెట్టినా క్లిక్ చేసి ముక్కను చాప మీదే వేయండి. చేత్తో అందిస్తే మీ దగ్గర నిలబడటం నేర్చుకుంటుంది, చాప మీద వేస్తే చాప విలువ పెరుగుతుంది. నాలుగు కాళ్లూ పెట్టాక వరసగా ఐదు ముక్కలు వేసి, "చాలు" అంటూ ఒక ముక్క దూరంగా విసిరి లేపండి. మళ్లీ తనంతట తను వస్తుందేమో చూడండి. రెండో రోజో మూడో రోజో పడుకునేదాకా ఆగి క్లిక్ చేయండి. ఒక్కో తడవ మూడు నిమిషాలు మించకూడదు, రోజుకి రెండు మూడు తడవలు చాలు. అరగంట ఏకబిగిన చేయిస్తే చివరి ఇరవై నిమిషాలు ఇద్దరికీ విసుగే.

ముందుకు వెళ్లాలా వద్దా అన్నదానికి ఒక లెక్క పెట్టుకోండి. ఐదు సార్లు అడిగితే ఐదూ చేసిందంటే పై మెట్టుకు వెళ్లండి. మూడు నాలుగు చేస్తే అక్కడే ఇంకో ఐదు చేయించండి. రెండు లేదా అంతకన్నా తక్కువైతే కింది మెట్టుకు దిగండి. టీవీలో ఈ లెక్క ఎవరూ పైకి చెప్పరు, అనుభవం ఉన్న శిక్షకుల తలలో మాత్రం నడుస్తూనే ఉంటుంది.

చాప గట్టిపడ్డాక బెల్ తేవాలి. మీ ఇంటి బెల్ శబ్దాన్నే ఫోన్‌లో రికార్డు చేసి, వినీ వినబడనంత చిన్నగా మోగించండి. శబ్దం వచ్చాక ఒక క్షణం ఆగి చాప మీద ముక్క వేయండి. ఈ వరస తారుమారు కాకూడదు. సంచి గరగరలాడాక బెల్ మోగితే కుక్క సంచినే పట్టించుకుంటుంది. చెవులు నిక్కబొడిచినా లేవకుండా ఉంటే శబ్దం కొంచెం పెంచండి. అసలు బెల్ అంత గట్టిగా మోగినా తనే చాపవైపు వెళ్తోందంటే శబ్దం పని అయిపోయింది.

ఇక తలుపు. మీరు తలుపువైపు రెండడుగులు వేసి వెనక్కొచ్చి ముక్క వేయండి. తర్వాత గొళ్లెం ముట్టుకుని రావాలి, తర్వాత గొళ్లెం తీసి, తర్వాత తలుపు బెత్తెడు తెరిచి, ఆపైన పూర్తిగా తెరిచి. ప్రతిసారీ వెనక్కి వచ్చి చాప దగ్గరే ముక్క వేయాలి. చాలామంది ఇక్కడే మెట్లు దాటేస్తారు: గొళ్లెం దాకా బాగానే ఉందని నేరుగా తలుపు తీసేస్తారు, కుక్క ఉరుకుతుంది. గొళ్లెం చప్పుడు దాని మటుకు బెల్ అంత పెద్ద విషయమే. ఇదంతా కుదిరాక ఇంట్లోవాళ్లే ఒకరు బయటికి వెళ్లి బెల్ కొట్టాలి. ఆ తర్వాత పక్కింటివాళ్లు, చిట్టచివర కొత్తవాళ్లు.

మీదికి ఎగరడం విషయంలో పాడుచేసేది ఎక్కువగా మంచి మనసున్న అతిథులే. "పర్లేదండీ, నాకు కుక్కలంటే ఇష్టం" అంటూ ఎగురుతున్న కుక్కనే నిమురుతారు. పదిసార్లలో ఒక్కసారి ఫలితం దక్కినా ఆ అలవాటు ఇంకా గట్టిపడుతుంది. ఎప్పుడు దక్కుతుందో తెలియక ప్రతిసారీ ప్రయత్నిస్తుంది. వచ్చినవాళ్లకు ఒకే నియమం చెప్పండి: నాలుగు కాళ్లూ నేల మీద ఉంటేనే పలకరింపు, ఎగిరితే పక్కకు తిరిగి నిలబడటం. చేతులతో తోస్తే కుక్క ఆట అనుకుంటుంది. ఛాతీకి మోకాలు అడ్డం పెట్టడం పాత చిట్కా, దానివల్ల దెబ్బ తగులుతుంది, మనుషులంటే భయం మిగులుతుంది. ఇంకో సంగతి, పట్టించుకోవడం మానేసిన కొత్తలో ఎగరడం, మొరగడం కొన్నాళ్లు ముందుకన్నా ఎక్కువవుతాయి. ఇంతకుముందు పనిచేసింది ఇప్పుడెందుకు పనిచేయడం లేదని గట్టిగా ప్రయత్నిస్తుందన్నమాట. అప్పుడు లొంగిపోతే, ఇకమీదట ఇంత గట్టిగా మొరగాలని నేర్పినట్టవుతుంది.

వీధిలో

షోలలో ఈ పాఠం పచ్చిక మైదానంలో, లీష్ వేసిన మరో కుక్కతో జరుగుతుంది. మన వీధిలో మరో కుక్కకు లీష్ ఉండదు, అది తనంతట తను దగ్గరికి వస్తుంది. అందుకని పద్ధతి ఒకటే అయినా ఏర్పాటు వేరుగా చేసుకోవాలి.

మూలసూత్రం దూరం. మీ కుక్క ఎదుటి కుక్కను చూసీ ఇంకా ముక్క తినగలిగితే ఆ దూరం సరైనది. ఇష్టమైన చికెన్‌నే ముట్టుకోకపోతే మరీ దగ్గరగా ఉన్నారు, వెనక్కి తగ్గండి. ముప్పై నలభై మీటర్ల నుంచి మొదలుపెట్టడం మామూలే. అది ఎదుటి కుక్కను చూడగానే క్లిక్, ముక్క. మళ్లీ చూస్తే మళ్లీ ముక్క. కొన్నాళ్లకు వీధికుక్కను చూసి, "ఏదీ నా ముక్క?" అన్నట్టు మీవైపు తిరుగుతుంది. అప్పుడు రెండడుగులు దగ్గరికి జరగవచ్చు.

దూరం దొరకని సందుల కోసం "ఇటు" అంటే చటుక్కున వెనక్కి తిరగడం ఇంట్లో, మేడ మీద రోజుకి పదిసార్లు నేర్పండి. ఆగి ఉన్న కారు, తెరిచిన గేటు చాటుగా పనికొస్తాయి. వీధికుక్క మరీ దగ్గరికొస్తే గుప్పెడు ముక్కలు దాని వైపు, మీ కుక్కకు అందనంత దూరంగా విసిరి నడిచిపోండి. రెండింటి మధ్యలో పడితే తిండి దగ్గర కాట్లాట మొదలవుతుంది. ఎండాకాలం రోడ్డు మీద మీ అరచేతి వెనకభాగం ఐదారు క్షణాలు ఆన్చలేకపోతే ఆ పూట నడక మానేయండి.

పిల్లులైతే

పిల్లి సోఫా గీరేది గోళ్ల కోసం, ఒళ్లు విరుచుకోవడం కోసం, తన వాసన వదలడం కోసం. మాన్పించలేరు, చోటు మార్చగలరు. పిల్లి పూర్తిగా సాగి నిలబడేంత, అంటే కనీసం రెండున్నర మూడడుగుల ఎత్తున్న, తోసినా ఊగని కర్రకు నారతాడు గట్టిగా చుట్టి, అది గీరుతున్న సోఫా మూల పక్కనే నిలబెట్టండి. ఊగితే ఒక్కసారి గోరు వేసి మళ్లీ ముట్టుకోదు. గీరగానే ముక్క. సోఫా మూలకు కొన్నాళ్లు ప్లాస్టిక్ షీటు చుట్టండి. అర్ధరాత్రి కాళ్ల మీద దూకే పిల్లికి గెలాక్సీ చెప్పే వరస బాగా పనిచేస్తుంది: పడుకోబోయే ముందు దారం కట్టిన ఈకతో పది నిమిషాలు వేటాడించి, చివర్లో పట్టుకోనిచ్చి, వెంటనే అన్నం పెట్టండి. మలమూత్రాల కోసం పెట్టిన ఇసుక తొట్టె బయట పోస్తుంటే పిల్లుల సంఖ్యకు ఒకటి కలిపి అన్ని తొట్టెలు పెట్టండి. అంతకన్నా ముందు డాక్టరుకు చూపించండి. మగపిల్లి మాటిమాటికీ కూర్చుని మూత్రం రాక ముక్కుతుంటే అది అత్యవసరం, తెల్లారేదాకా ఆగకూడదు.

షో చూసి చేయకూడనివి

కరిచిన కుక్క, గిన్నె దగ్గరికి వెళితే గుర్రుమనే కుక్క, ఒంటరిగా వదిలితే తలుపు కొరికి నోరు రక్తం చేసుకునే కుక్క: వీటిని తెర మీద చూసి ఇంట్లో ప్రయత్నించవద్దు. గుర్రుమన్నందుకు తిడితే గుర్రుమనడం మాత్రమే ఆగుతుంది, భయం అలాగే ఉంటుంది. ఈసారి హెచ్చరిక లేకుండానే కరుస్తుంది. ఉన్నట్టుండి ప్రవర్తన మారితే పంటి నొప్పి, చెవి పుండు, కీళ్ల నొప్పి ఉన్నాయేమో ముందు డాక్టరుకు చూపించాలి. కరిచినా, గోటితో గీరి రక్తం వచ్చినా ఆ చోటును సబ్బుతో, ధారగా పడే నీళ్లకింద పదిహేను నిమిషాలు కడిగి వెంటనే రేబిస్ టీకా కోసం వెళ్లండి, మీ ఇంటి కుక్కే అయినా సరే.

శిక్షకుణ్ణి పిలిచేటప్పుడు బోర్డు చూసి నమ్మేయకండి, మూడు ప్రశ్నలు వేయండి. కుక్క సరిగ్గా చేస్తే ఏం ఇస్తారు? తప్పు చేస్తే ఏం చేస్తారు? ఏ పరికరాలు వాడతారు? రెండో ప్రశ్నకు "కరెక్షన్ ఇస్తాం" అంటే ఆ కరెక్షన్ ఏమిటో చేసి చూపించమనండి. "పదిహేను రోజులు మా దగ్గర వదిలేయండి, తయారుచేసి ఇస్తాం" అన్నా ఒప్పుకోవద్దు. అక్కడ నేర్చుకున్నది ఆ మనిషి దగ్గర, ఆ చోట నేర్చుకున్నది. మీ తలుపు, మీ బెల్, మీ చుట్టాలు అక్కడ ఉండరు. శిక్షణ నడుస్తున్నంతసేపు పక్కన కూర్చుని చూస్తామని చెప్పండి, కుదరదంటే వేరొకరిని వెతుక్కోండి.